బార్కస్ – బారకాసుల నుంచి బస్తీ దాకా

హైదరాబాద్ పాతబస్తీ గురించి రాసేవాళ్ళు చాలామంది చార్మినార్, లాడ్‌బజార్, పత్తర్‌గట్టీల దగ్గరే ఆగిపోతారు. ఇంకా దక్షిణంగా వెళ్ళి చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బార్కస్ గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పుకోవాలని మా ఉద్దేశం.

పేరులోనే చరిత్ర వుంది. 'బ్యారక్స్' అన్న ఇంగ్లీషు మాట జనం నోట్లో నలిగి 'బార్కస్' అయింది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయీలకు ఇక్కడ వసతి వుండేది. వీరిలో ఎక్కువమంది యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతంవారు. జనం వీరిని 'చావుష్'లని పిలిచారు. ఈ సంబంధం ఒకవైపుదే కాదు. హైదరాబాదులో జమేదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవజ్ అల్ ఖుఐతీ కుటుంబంవారే హద్రమౌత్‌లో రాజ్యం స్థాపించి, 1881లో ముకల్లా రేవును గెలిచి, 1967 దాకా ఏలారు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో సిపాయీ బతుకు ముగిసింది. నిజాం సైన్యం రద్దయింది. నిన్నటిదాకా కాపలా కాసినవారు ఒక్కసారిగా పరదేశీయుల లెక్కలోకి వచ్చారు. ఎందరినో ఓడలెక్కించి అరేబియాకు పంపేశారు. కానీ ఇక్కడి ఆడపిల్లల్ని పెళ్ళాడి, ఇక్కడే పిల్లల్ని కన్నవారికి స్వదేశం ఏది? ఉండిపోయినవారు ఈ దేశ పౌరులయ్యారు. తుపాకీ పట్టిన చేతులతో తోటపని, పండ్ల బేరం, చిన్నచిన్న వ్యాపారాలు చేసుకున్నారు. బార్కస్ జామపండు అంటే నగరమంతా చెవి కోసుకునేది. 1970ల నుంచి గల్ఫ్ ఉద్యోగాలు తోడయ్యాయి. తాతలు వచ్చిన సముద్రాన్నే మనవలు తిరిగి దాటారు.

ఇక్కడి అలవాట్లు నగరానికంతా పంచిపెట్టబడ్డాయి. అరబ్బుల హరీసే మన మసాలాలు కలిసి హలీం అయింది. పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా మోత ఈనాడు ఏ మతంవారి ఇంటైనా వినిపిస్తుంది. రంగురంగుల లుంగీ కట్టుకుని బజారుకు రావడం మాత్రం బార్కస్ వాళ్ళ సొంతం.

జామతోటలు చాలావరకు ప్లాట్లయిపోయాయి. మండీ హోటళ్ళ దీపాలతో రోడ్డు వెలుగుతోంది. మార్పును మేము తప్పుపట్టడం లేదు. అయితే ఉద్యోగం పోయి, పరాయివాళ్ళన్న మాట పడికూడా ఈ మట్టినే నమ్ముకున్న ఆ తరం కథ పెద్దవాళ్ళ నోళ్ళలోనే వుంది. పిల్లలు వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసిపెట్టుకోవాలి. గోడలు పోయినా మాట మిగలాలి కదా!