బొమ్మ రైలు దాచిన ఊళ్ళు



పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి వైపు వాళ్ళకు నౌపడ బండి సంగతి నేను కొత్తగా చెప్పక్కరలేదు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు మాత్రమే ఉన్న చిన్న రైలు అది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ దారి మీద 1900 సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన నౌపడ నుంచి పర్లాకిమిడికి రాకపోకలు మొదలయ్యాయి. 1931 నాటికి దారిని గుణుపురం దాకా పొడిగించారు. 2004లో చిన్న బండి ఆగిపోయింది. పెద్ద గేజి పట్టాలు వేసి 2011 నాటికి మళ్ళీ గుణుపురం దాకా రైలు నడిపారు. ప్రయాణం సులువైంది, కాదనను. కాని ఆ మార్పులో ఏం పోయిందో నాకు కొంత ఆలస్యంగా తెలిసింది. తెలియజెప్పింది మా ఎనిమిదో తరగతి పిల్లలు.

బడిలో ప్రదర్శన పెట్టినప్పుడు వాళ్ళు అట్టలతో, అగ్గిపుల్లలతో పాత స్టేషను నమూనా చేస్తామన్నారు. సరే అన్నాను. రెండో రోజే వచ్చి "మాస్టారూ, ప్లాట్‌ఫారం ఎత్తెంత? తలుపుల రంగేమిటి?" అని అడిగారు. నాకు తెలియలేదు. ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగి రమ్మన్నాను. ఒక తాతగారు ఆకుపచ్చ అన్నారు. ఇంకొకాయన "కాదు బాబూ, ఇటుక రంగు" అన్నారు. ఒడియా వీధిలో ఒక మామ్మగారు, అసలు తలుపులే ఉండేవి కావన్నారు. ముగ్గురూ ఏళ్ళ తరబడి ఆ బండి ఎక్కినవాళ్ళే. కొలిచి రాసిపెట్టుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. చివరికి మా పిల్లలు తలుపులకు తమకు నచ్చిన రంగు వేసుకున్నారు. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. చరిత్ర చెప్పే పంతుల్ని గనక నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఇలా పోయేవాటిని పోకముందే కొలిచి, చిన్నగా కట్టి పెట్టుకున్నవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా అని వెతికితే, నమూనా రైళ్ళు కట్టే క్లబ్బుల చరిత్ర దొరికింది. ఆ కథే ఈవేళ మీకు చెబుతాను.

మొదట అది పిల్లల ఆటవస్తువే. జర్మనీలో గొప్పింగెన్ అనే ఊళ్ళో మార్క్లిన్ అనే బొమ్మల కంపెనీ ఉంది. వాళ్ళు 1891లో లైప్‌జిగ్ సంతకు ఒక కొత్త సరుకు తెచ్చారు. తాళం తిప్పితే నడిచే రైలింజను, దానితోపాటు ఎనిమిది అంకె ఆకారంలో అమర్చుకునే పట్టాలు. అంతకుముందు కూడా బొమ్మ ఇంజన్లు ఉండేవి. కాని ఒకరి పట్టా మీద ఇంకొకరి బండి నడిచేది కాదు. మార్క్లిన్ వాళ్ళు పట్టాల వెడల్పుకు నంబర్లు పెట్టారు. ఒకటో నంబరు అంటే 45 మిల్లీమీటర్లు, సున్నా నంబరు అంటే 32. ఈ ఏడాది ఒక ఇంజను కొంటే, వచ్చే ఏడాది రెండు పెట్టెలు, ఆ పై ఏడాది ఒక వంతెన కొని చేర్చుకోవచ్చు. పిల్లవాడి పుట్టినరోజుకు కొన్న బొమ్మ తండ్రి వ్యసనం కావడానికి ఆ నంబర్లే దారి వేశాయని నా అనుమానం.

ఇంగ్లండులో ఈ వ్యసనం బాగా పాకింది. మెకానో అనే అమరిక బొమ్మలు కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన పేరు మీద రైలు బొమ్మలు అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు పదేళ్ళ ముందే, 1910 డిసెంబరు 3న, లండనులో పెద్దవాళ్ళు కొందరు చేరి 'మోడల్ రైల్వే క్లబ్' స్థాపించారు. ఇప్పుడు ప్రపంచంలో ఉన్న ఇలాంటి క్లబ్బుల్లో అదే పాతదని చెబుతారు. 1960లో కింగ్స్ క్రాస్ స్టేషను దగ్గర సొంత భవనం కట్టుకుని, తమ అధ్యక్షుడు జెఫ్రీ కీన్ పేరిట దానికి కీన్ హౌస్ అని పేరు పెట్టుకున్నారు.

ఆడుకోవడానికి క్లబ్బు ఎందుకని మీరు అడగవచ్చు. కారణాలు రెండు. మొదటిది చోటు. మన నౌపడ - పర్లాకిమిడి దారినే తీసుకోండి. ఇంచుమించు 40 కిలోమీటర్లు. దాన్ని 87వ వంతుకు తగ్గించి కడితే కూడా దాదాపు 460 మీటర్ల పొడవు వస్తుంది. ఏ ఇంట్లో పడుతుంది? అందుకే దారి మొత్తం కాకుండా ఒక్క స్టేషనును, దాని చుట్టుపక్కలను ఎంచుకుంటారు. దానికి కూడా ఒక్కొక్కప్పుడు హాలంత చోటు కావాలి. రెండోది పనితనం. కింది బల్లలకు వడ్రంగం రావాలి. తీగలకు విద్యుత్తు తెలియాలి. కొండకు, చెట్టుకు రంగు వేసే చెయ్యి కావాలి. పాత పటాలు, ఫోటోలు వెతికి ఆ రోజుల్లో సిగ్నలు ఎక్కడుండేదో తేల్చే ఓపిక కావాలి. ఇవన్నీ ఒక్క మనిషికి రావు.

ప్రదర్శనకు కట్టే నమూనాకు ఇంకొక చిక్కుంది. దాన్ని ఊరూరా మోసుకెళ్ళాలి. అందుకని ఒకే బల్లగా కాకుండా ముక్కలు ముక్కలుగా కడతారు. ఒక్కొక్క ముక్క ఇద్దరు మోయగలిగినంతే ఉంటుంది. హాలుకు చేరాక వరసగా నిలబెట్టి, బోల్టులు బిగించి, తీగలు కలుపుతారు. రెండు బల్లలు కలిసే చోట పట్టా అర మిల్లీమీటరు పక్కకు జరిగినా బండి పడిపోతుంది. ముందు వైపు స్టేషను, పొలాలు, వంతెన కనబడతాయి. వెనక వైపు జనానికి కనబడకుండా ఒక చిన్న యార్డు ఉంటుంది. వచ్చిన బండిని అక్కడ తిప్పి, పెట్టెలు మార్చి, తరువాతి బండిగా బయటికి పంపుతారు. మన వీధి నాటకంలో ఒకే మనిషి తెర వెనక్కి వెళ్ళి వేషం మార్చుకుని వచ్చినట్టే ననుకోండి. నియమంగా నడిపే క్లబ్బుల్లో దీనికంతా టైంటేబిలు, ఒక స్టేషను నుంచి ఇంకొక స్టేషనుకు గంట సంకేతాలు కూడా ఉంటాయి.

లండను క్లబ్బువారు ఈస్టరు రోజుల్లో వెస్ట్‌మినిస్టర్ సెంట్రల్ హాలులో చాలా ఏళ్ళు ఈ ప్రదర్శనలు జరిపారు. ప్రదర్శన అంటే చూపించుకోవడం ఒక్కటే కాదు, పరీక్షకు నిలబడడం కూడా. ఆ దారిలో పనిచేసి రిటైరైన గార్డో, సిగ్నల్‌మనో చూడవచ్చి "ఈ స్తంభం ఇక్కడ ఉండేది కాదే" అంటే, కట్టినవాళ్ళు దిద్దుకోవలసిందే. మా బడి ప్రదర్శనలో లోపించింది ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది. మేం పెద్దలను ముందు అడిగామే గాని, కట్టిన తరువాత వాళ్ళను ముగ్గురినీ నమూనా ముందు కూర్చోబెట్టి చర్చ పెట్టలేదు.

కొలత మీద వీళ్ళకు ఎంత పట్టుదలో ఒక లెక్క చెబుతాను. పిల్లలున్నవాళ్ళు కాగితం, పెన్సిలు ఇచ్చి చేయించండి. బ్రిటన్‌లో ఎక్కువ మంది వాడే నమూనా కొలతలో ఒక అడుగుకు 4 మిల్లీమీటర్లు. అంటే ఇంచుమించు 76వ వంతు. కాని వాళ్ళు వాడే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది 87వ వంతుకు సరిపోయే వెడల్పు. ఇంగ్లండు ఇంజన్లు యూరపు ఇంజన్ల కన్నా సన్నం. 87వ వంతుకు తగ్గిస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టేవి కావు. అందుకని పట్టా అదే ఉంచి ఇంజనును కాస్త పెద్దది చేశారు. ఫలితంగా 4 అడుగుల 8½ అంగుళాలు ఉండవలసిన దారి 4 అడుగుల 1½ అంగుళాలైంది. అంటే 7 అంగుళాలు తక్కువ! అందరూ దీనితో సర్దుకుపోలేదు. కొందరు 1960ల్లో 18.83 మిల్లీమీటర్ల పట్టాను సొంతంగా తయారు చేసుకుని, చక్రాలు కూడా దానికి తగ్గట్టు మలుచుకున్నారు. చూసేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఆ తేడా తెలియదు. అయినా తప్పు తప్పే అన్నారు.

ఈ పట్టుదల రైలు పట్టాల దగ్గర ఆగకుండా ఊళ్ళ మీదికి మళ్ళడం అసలు మలుపు. 1930ల చివరలో జాన్ అహెర్న్ అనే ఆయన మాడర్ వ్యాలీ అనే నమూనా మొదలుపెట్టాడు. ఊరు కల్పితమే. కాని రైలుతోపాటు దుకాణాలను, వంతెనలను, కొండవాలును కూడా అంతే శ్రద్ధగా కట్టాడు. రైలు ఊరి కోసం ఉంటుంది గాని ఊరు రైలు కోసం ఉండదని తోటివాళ్ళకు చూపించాడు.

ఇంకొకాయన రాయ్ ఇంగ్లండ్. పేరు ఇంగ్లండ్, పుట్టింది ఆస్ట్రేలియాలో. 1925లో ఇంగ్లండు వచ్చి, గ్రేట్ వెస్టర్న్ రైల్వే కార్ఖానా ఉన్న స్విండన్ దగ్గర ఒక పల్లెలో మకాం పెట్టాడు. వచ్చింది రైళ్ళు చూడడానికి. చూస్తుండగానే చుట్టూ పల్లెలు మారిపోతున్నాయి. పూరి కప్పులు తీసి కంపెనీలో చేసిన కప్పులు వేస్తున్నారు. వాటిని ఆపడం ఆయన వల్ల కాదు. అందుకని కొలవడం మొదలుపెట్టాడు. ఇంటికి ఇల్లు కొలిచి, ఫోటోలు తీసి, అట్టతో 76వ వంతు కొలతలో కట్టి, నీటిరంగులు వేశాడు. ఒక్కొక్క ఇంటికి నెలలు, కొన్నిటికి ఏళ్ళు పట్టేవి. 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ అనే పల్లెలో పెండన్ మ్యూజియం ఏర్పడింది. స్వచ్ఛందంగా చేరినవాళ్ళు ఆయనతో కలిసి పనిచేశారు. 1995లో ఆయన పోయాక కూడా ఆ పని ఆగలేదు. జాన్ అహెర్న్ కట్టిన మాడర్ వ్యాలీ కూడా ఇప్పుడు అక్కడే భద్రంగా ఉంది.

ఆయన తొందర అనవసరమైనదేమీ కాదని కాలమే తేల్చింది. 1963లో డాక్టర్ బీచింగ్ నివేదిక వచ్చింది. 2,363 స్టేషన్లు, ఇంచుమించు 5,000 మైళ్ళ దారి మూసెయ్యమని అందులో సిఫారసు. అన్నీ కాకపోయినా చాలామటుకు మూసేశారు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే పెద్ద గేజి దారుల మీద ఆవిరి ఇంజన్లు ఆగిపోయాయి. ఆ తరువాత చాలా క్లబ్బులు మూతపడిన తమ ఊరి స్టేషనునే నమూనాగా ఎంచుకున్నాయి. లండను క్లబ్బు 1980ల్లో 'కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్' అనే నమూనా మొదలుపెట్టింది. తమ భవనానికి దగ్గర్లోనే ఉన్న పేటలు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఎలా ఉండేవో అడుగుకు 2 మిల్లీమీటర్ల కొలతలో కడుతూ వచ్చారు. దశాబ్దాలు పట్టిన పని అది.

ఇందులో ఒక లోపం కూడా ఉంది, దాచకూడదు. నమూనాలో ఎప్పుడూ ఎండ కాస్తూనే ఉంటుంది. బొగ్గు ఎగదోసేవాడి చేతికాలిన మచ్చ కనబడదు. ఆ అందమైన పూరింట్లో నీళ్ళు మోసిన ఇల్లాలి నడుంనొప్పి కనబడదు. పాతదంతా బాగుండేదనే భ్రమ కలగవచ్చు. అందుకే కొలతతోపాటు మాట కూడా కావాలి. ఆ ఇంట్లో ఎవరుండేవారు, ఏం తిని బతికారు అన్నది పక్కన రాసి ఉండాలి.

మహారాష్ట్రలోని మన శ్రోతలకు ఒక మాట. పుణేలో కోత్రూడ్‌లో భావూసాహెబ్ జోషీగారు నెలకొల్పిన చిన్న రైళ్ళ మ్యూజియం 1998లో ప్రారంభమయింది. ఒక అభిరుచి మనిషిని ఎంత దూరం తీసుకువెళుతుందో తెలుసుకోవడానికి అదొక మంచి సాక్ష్యం.

ఇక మన సంగతి. మన చిన్న బండి పట్టాల వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76 వస్తుంది. ప్రపంచమంతటా దుకాణాల్లో అమ్మే 9 మిల్లీమీటర్ల నమూనా పట్టా దానికి దాదాపు సరిపోతుంది. అంటే పట్టాకు కొరత లేదు. కొరత కొలతలకే.

కొలవడమంటే టేపుతోనే కానక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉంటూ సవరల మాటను చెవితో విని, నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆ మాటలు పోతాయేమో అని ఎవరూ అనుకోని రోజుల్లోనే ఆయన కాగితం మీద పెట్టారు. మనకు దారి చూపించడానికి లండను దాకా వెళ్ళక్కరలేదు.

అందుకని మా బడిలో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. ఏటా ఎనిమిదో తరగతి పిల్లలు, ఇంకా నిలిచి ఉన్న పాత కట్టడం ఒకటి ఎంచుకుంటారు. టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, తలుపు ఎత్తు కొలుస్తారు. రంగు రాస్తారు. దాన్ని తెలుగులో ఏమంటారో, ఒడియాలో ఏమంటారో రెండూ రాస్తారు. అక్కడ పనిచేసినవాళ్ళ మాట అడిగి రాస్తారు. నమూనా కడితే కడతారు, లేకపోతే లేదు. కొలతల పుస్తకం మాత్రం బడిలో ఉండిపోతుంది.

మీరు సోలాపూరులో ఉంటే మీ తాతలు నేసిన మగ్గం ఇల్లు, యానాంలో ఉంటే వీధి చివరి పాత పెంకుటిల్లు, హోసూరులోనో బళ్ళారిలోనో ఉంటే మీరు చదువుకున్న తెలుగు బడి ఇంకా నిలిచి ఉందేమో చూడండి. ఉంటే ఈ ఆదివారం మనవణ్ణో మనవరాలినో వెంటబెట్టుకుని వెళ్ళి తలుపు రంగైనా రాసి పెట్టండి. రేపు ఏ పిల్లవాడో అడిగితే ముగ్గురం మూడు రంగులు చెప్పే అవస్థ ఉండదు.