ఎర్రనీళ్ళ దారి

సఫారీ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది నాలుగు జేబుల సఫారీ సూటు. ఒకప్పుడు కొత్తల్లుడికి పెట్టే బట్టల్లో అదీ ఒకటి. ఆ సూటు వేసుకుని ఊరేగిన పెద్దమనుషుల్లో అడవి మొహం చూసినవాళ్ళెందరో గాని, ఆ మాట మాత్రం అచ్చంగా ప్రయాణపు మాటే. అరబ్బులు ‘సఫర్’ అన్నారు. ఉర్దూ చెవిన పడే హైదరాబాదు వాళ్ళకి అది ఇరుగింటి మాట. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ వాళ్ళు దాన్ని ‘సఫారీ’ చేసుకున్నారు. అంటే బయల్దేరి వెళ్ళడం, అంతే. అందులో సింహమూ లేదు, తుపాకీ లేదు, జేబులూ లేవు.

నిజానికి ఆ మాటకి తగినవాళ్ళు యాత్రికులు కారు, మందలు. టాంజానియాలోని సెరెంగెటి మైదానాల నుంచి కెన్యాలోని మసాయ్ మారా దాకా, మళ్ళీ వెనక్కి, ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉండే విల్డెబీస్టులు సుమారు 13 లక్షలు. చూడ్డానికి ఆ జంతువు బ్రహ్మదేవుడు మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టినట్టుంటుంది. ఎద్దు కొమ్ములు, గుర్రం తోక, మేకపోతు గడ్డం. జాతికి మాత్రం జింకల చుట్టం. వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు, జింకలు.

ఆ మందల్ని ఒక్కసారి కళ్ళారా చూసి రావాలని నాకు చాలాకాలంగా కోరిక. కోరికదేముంది, కూర్చున్నచోటే పుడుతుంది. తీరా పటం ముందు పెట్టుకుని లెక్కలు వెయ్యడం మొదలెడితే తెలిసింది, ఈ ప్రయాణంలో “ఎక్కడికి?” అన్న ప్రశ్నకి అర్థం లేదని. “ఎప్పుడు?” అని అడగాలి.

జనవరి చివర్లో, ఫిబ్రవరిలో అయితే మంద దక్షిణాన పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటుంది. ఈనే కాలం అది. రెండు మూడు వారాల్లో లక్షల దూడలు నేలమీద పడతాయి. పడ్డ కాసేపటికే లేచి తల్లి వెంట పరిగెడతాయి. పురిటిస్నానం లేదు, పదకొండో రోజు లేదు. ఏప్రిల్, మే నెలల్లో మంద వాయవ్యం పడుతుంది. జూన్‌కి గ్రుమేటి నది. జులై నుంచి అక్టోబరు దాకా మారా నది దగ్గర అటూ ఇటూ దాటుతూ ఉంటుంది. కింద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉండగా గట్టు మీంచి దూకే ఆ బొమ్మలే మనం ఎప్పుడూ చూసేవి. నవంబరులో చిన్నవానలు పడగానే మళ్ళీ దక్షిణానికి తిరుగుముఖం. వాన ఎటు పడితే గడ్డి అటు, గడ్డి ఎటు మొలిస్తే మంద అటు. వాన వారం ఆలస్యమైతే మందా ఆలస్యమే. మనం ఏడాది ముందు గది మాట్లాడుకున్నామని, ఎల్లో ఫీవర్ టీకా పదిరోజుల ముందే పొడిపించుకున్నామని వాటికేం తెలుసు?

లెక్కలు వేస్తూ ఆ మందల చరిత్ర చదవసాగాను. అది జంతువుల చరిత్ర కాదండీ, గీతల చరిత్ర. మనుషులు పటం మీద గీసిన గీతలకీ, మందలు నేలమీద వేసుకున్న దారికీ మధ్య నడిచిన వ్యాజ్యం.

సెరెంగెటి 1951లో జాతీయోద్యానమైంది. తర్వాత కొద్దికాలానికే అప్పటి బ్రిటిషు ప్రభుత్వం దాని హద్దులు మార్చాలనుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాలకి డైరెక్టరుగా ఉన్న బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్, ఆయన కొడుకు మైకేల్, జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో తిరుగుతూ మందల్ని లెక్కపెట్టారు. తేలిందేమిటంటే, కొత్త హద్దులకీ మందల దారికీ పొంతన లేదు. మంద ఏడాదిలో కొంతకాలం గీతకి అవతలే ఉంటోంది. 1959 జనవరిలో ఆ విమానం కూలి మైకేల్ చనిపోయాడు. ఆ ఏడే, తరతరాలుగా అక్కడ ఆవుల్ని మేపుకుంటున్న మసాయిలను సెరెంగెటి ఖాళీ చేయించి గొరొంగొరో వైపు పంపేశారు. మందల దారి కాపాడదామన్న ఆరాటంలో, వాటి పక్కన బతికిన మనుషుల దారి మూసేశారన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

దక్షిణాన బోట్స్‌వానా కథ ఇంకోలా నడిచింది. గొడ్లకి గాలికుంటు సోకకూడదని, యూరపుకి పంపే మాంసానికి అడ్డు రాకూడదని 1950ల నుంచి అక్కడ మైళ్ళ పొడుగున తీగకంచెలు వేశారు. 1980లలో కరువొచ్చి, నీళ్ళ కోసం నడిచిన విల్డెబీస్టులు ఆ కంచెల దగ్గర వేలకొద్దీ పడి చచ్చిపోయాయి. అదే దేశంలో 1968లో వేసిన మరో కంచె ఒకవాంగో నుంచి మక్‌గడిక్‌గడి మైదానాలకి వెళ్ళే జీబ్రాలకు అడ్డం పడింది. 2004లో దాన్ని తీసేశారు. మధ్యలో 36 ఏళ్ళు. అడవిలో ఏ జీబ్రా అంతకాలం బతకదు. అంటే ఆ దారిన నడిచిన జీబ్రా ఒక్కటీ మిగల్లేదు, పిల్లలకి చెప్పే అమ్మమ్మ లేదు. అయినా నాలుగేళ్ళు తిరక్కుండానే జీబ్రాలు ఆ దారి పట్టి వందల కిలోమీటర్లు నడిచాయి! ఇది చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

కంచె తీగతోనే కట్టక్కర్లేదు, రాతితోనూ కట్టచ్చు. ఆ సంగతి చూడ్డానికి విమానం ఎక్కనవసరం లేదు. కోనసీమలో సఖినేటిపల్లి రేవుకి వెళ్ళి, నరసాపురం వెళ్ళే పంటు ఎక్కితే చాలు. కాళ్ళ కింద పారేది వశిష్ఠ గోదావరి. ఇంకాస్త కిందికి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణానికి ఈ దారంతా మనుషుల మంద కదుల్తుంది. ఆషాఢ శ్రావణాల్లో ఎగువ వానలకి ఎర్రనీరు దిగినప్పుడు, అదే దారిని కంటికి కనిపించని ఇంకో మంద సముద్రం లోంచి పైకి బయల్దేరుతుంది. అదే పులస.

సముద్రంలో ఉన్నంతసేపూ దాని పేరు విలస. గోదావరిలో అడుగుపెట్టి, తియ్యనీళ్ళు తాగి, వరదకి ఎదురీదాక పులస. ఇంటిపేరు మారినట్టే. నా చెవికి మాత్రం ‘విలస’ ఎప్పుడూ ‘వలస’ అనే వినిపిస్తుంది. గంగలోని ఇలిస కూడా ఇదే. 1822లో హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అది నదిలోకి రావడం మన రుచి కోసం కాదు, గుడ్లు పెట్టుకోడానికి. పిల్లలు నదిలో పుట్టి, కాస్త పెరిగి, సముద్రానికి పోతాయి. ఒక్కముక్కలో చెప్పాలంటే, పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్ల.

ఆ పుట్టింటికి 1852లో అడ్డుగోడ పడింది.

ఆ గోడని తిట్టడానికి నాకు నోరు రాదు. 1832-33 కరువులో ఈ జిల్లాలు మలమల మాడిపోయాయి. గోదావరి నీళ్ళు కళ్ళముందే సముద్రం పాలవుతూంటే జనం తిండిలేక చచ్చారు. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, లంకల మధ్య నాలుగు ముక్కలుగా సుమారు మూడున్నర కిలోమీటర్లు. సఖినేటిపల్లి ఉన్న నగరం లంకకి నీళ్ళివ్వాలంటే మధ్యలో వైనతేయ అడ్డం. దానిమీద గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కట్టి, నది నెత్తిన కాలవని నడిపించారు. ఈ రోజు మనం తినే అన్నం ఆ రాళ్ళ పుణ్యం. కోనసీమలో కాటన్ విగ్రహానికి దండ వేసే చేతుల్ని ఎవరేమంటారు?

కాని నీళ్ళకి నదిమీద నదిని కట్టిన ఆ తెలివి, నీళ్ళలో బతికే చేప దారి గురించి అంతగా ఆలోచించలేదు. సముద్రం నుంచి ధవళేశ్వరం వంద కిలోమీటర్లు కూడా లేదు. వందల మైళ్ళ గోదావరిలో ఆ చేపకి మిగిలిన పుట్టిల్లు దాదాపు అంతే. మద్రాసు సర్వీసులో డాక్టరుగా పనిచేసి చేపల పిచ్చిలో పడ్డ ఫ్రాన్సిస్ డే, 1873లో మనదేశపు నదీచేపల మీద పెద్ద నివేదిక రాశాడు. కాలవల కోసం నదులకు అడ్డం వేసే కట్టలు వలసచేపల్ని ఆపేస్తున్నాయని, వాటికి దారి వదలాలని అప్పుడే మొత్తుకున్నాడు. నూరేళ్ళ తర్వాత 1975లో గంగ మీద ఫరక్కా బరాజి వచ్చింది. ఒకప్పుడు అలహాబాదు దాటి పోయే ఇలిస ఎగువ ఊళ్ళకి రావడం దాదాపు ఆగిపోయింది. పాఠం ఒకటే. రెండుసార్లు చదివాం, రెండుసార్లూ తప్పాం.

పంటు మీద పక్కన నిలబడ్డ ఓ వలల మనిషిని ఊరికే కదిపాను. “ఈ ఏడు పులస పడుతోందా, బాబూ?”

“ఎక్కడండి అమ్మగారూ! ఎర్రనీరు దిగింది గానండి, చేప ఎక్కట్లేదండి. మా నాన్న బుట్టలకి బుట్టలు మోసీవోడండి. ఇప్పుడు ఒక్కటి పడితే పేపరోళ్ళొచ్చి ఫొటో తీత్తన్నారండి, ఆయ్.”

ఒక్క చేప వేలల్లో పలుకుతోందని పత్రికలు మురిసిపోతూ రాసే వార్తకి అసలు అర్థం అదీ. ధర పెరిగిందంటే మంద తరిగిందని. “పుస్తెలమ్మైనా పులస తినాలి” అంటారు. ఈ సామెత చెప్పినవాడు మగవాడే అయ్యుండాలి. పుస్తెలెవరివో చూడండి! దానికితోడు ఆ కూర రుచంతా కడుపుతో ఉన్న చేపదే అని చప్పరిస్తారు. ముంగిట్లోకొచ్చిన చూలాలిని గుమ్మంలోనే వలేసి పట్టి, మళ్ళీ ఏడాది పిల్లలు రాలేదేమని గోదారి కేసి చూస్తాం.

మన తూర్పుతీరంలో సముద్రపు వేట ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆపుతారు. మంచిదే. కాని పులస నది ఎక్కేది ఆ గడువు దాటాకే. బంగ్లాదేశ్ వాళ్ళు మరోలా ఆలోచించారు. ఇలిస గుడ్లు పెట్టే కాలాన్ని చూసుకుని, అక్టోబరులో 22 రోజులు దాన్ని పట్టడం, అమ్మడం పూర్తిగా మానిపిస్తున్నారు. చిన్నపిల్లల్ని పట్టడం మీదా నెలల తరబడి నిషేధం. ఆ రోజుల్లో వలలవాళ్ళ కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2002-03లో 2 లక్షల టన్నులకి పడిపోయిన పట్టుబడి, 2017-18 నాటికి 5 లక్షలు దాటింది. మసాయిలకు జరిగింది గుర్తుందిగా? చేపకి దారి వదిలేటప్పుడు, దానిమీద బతికేవాళ్ళ పొయ్యి ఆరకుండా చూడ్డంలోనే ఉంది కిటుకంతా. ఆకలి వాళ్ళకి వదిలేసి పుణ్యం మనం మూటకట్టుకుంటే ఏ నిషేధమూ నిలవదు.

ఆనకట్టని పడగొట్టమని ఎవరూ అనరు. పాత రాతికట్ట చోట ఇప్పుడున్నది గేట్ల బరాజి. వరద రోజుల్లో ఆ గేట్లు ఎలాగూ ఎత్తుతారు. చేప ఎక్కే రోజులేవో, దానికెంత దారి కావాలో తెలిసినవాళ్ళని అడిగి చూడచ్చు. ఓ ఇరవై రోజులు వలలకి సెలవిచ్చి, ఆ ఇరవై రోజుల బియ్యం ఇవ్వచ్చు. మూడున్నర దశాబ్దాలు మూసుకున్న దారి తెరిస్తే చెప్పేవాళ్ళు లేకుండానే నడిచి వెళ్ళిన జీబ్రాలకన్నా, ఇప్పటికీ ఎర్రనీటి వాసన పట్టుకుని ఏటా వస్తున్న ఈ చేప నయం కదూ.

ఆఫ్రికా వెళ్ళగలిగినవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. మారా నది చూడాలంటే జులై తర్వాతే పెట్టుకోండి, దూడల్ని చూడాలంటే ఫిబ్రవరి. వెళ్ళలేనివాళ్ళు శ్రావణమాసంలో సఖినేటిపల్లి రండి. ఇక్కడ దుమ్ము లేవదు, గిట్టల చప్పుడు వినపడదు. ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ కనిపించదు. అడుగున ఎన్ని చేపలు పైకి పోతున్నాయో లెక్కపెట్టడానికి చారల విమానం పనికిరాదు. రేవులో వల విదిలించుకుంటున్న మనిషిని అడిగితే ఆ లెక్క చెబుతాడు. మన సర్కారు వాళ్ళు కూడా ఒకసారి పంటు ఎక్కి, అతన్ని అడిగితే బాగుండును.