కనగుర్త అక్వేరియంలో ఎందుకు బతకదు?

కనగుర్త తెలుసుగా? అదేనండీ, విశాఖ ఫిషింగ్ హార్బర్లో బుట్టల కొద్దీ మెరుస్తూ కనబడుతుంది, పులుసు పెడితే వీధి మొత్తానికి తెలిసిపోతుంది. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. లాటిన్ పేరులోకి మన జాలరి మాట ఎలా దూరిందంటారా, దానికో కథ ఉంది.

పాట్రిక్ రస్సెల్ అని ఒక స్కాట్లండు డాక్టరు. సిరియాలోని అలెప్పోలో చాన్నాళ్ళు వైద్యం చేసి, 1781లో కంపెనీ ఉద్యోగంలో ఉన్న సోదరుడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని నేచురలిస్టుగా వేసుకుంది. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అనేది ఈయన పేరు మీదే. పాముల సంగతి అందరికీ తెలుసు గానీ, చేపల సంగతి మన ఊళ్ళోనే ఎవరికీ పట్టదు. ఇక్కడి తీరంలో దొరికిన 200 చేపలకి బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి, 1803లో లండన్లో రెండు సంపుటాలుగా వేయించాడు. చాలా చేపలకి కొత్త లాటిన్ పేరు పెట్టకుండా, జాలర్లు ఏమంటే అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాడు. తర్వాత పారిస్ లో క్యువియే ఆ పుస్తకం చూసి 1816లో కనగుర్తని అలాగే ఖాయం చేశాడు. మూకలీ పార, తోలుపార కూడా 1832లో మూకలీ, టోల్ అయిపోయాయి. మనం టెంపరరీగా పెట్టిన వేరియబుల్ పేరు ప్రొడక్షన్లోకి వెళ్ళిపోయి రెండొందలేళ్ళు ఉండిపోయినట్టన్న మాట :)

సరే, నన్ను తొలిచే ప్రశ్న వేరే. రస్సెల్ వర్ణించిన చేపలు ఒడ్డుకి వచ్చినవి, అంటే చచ్చినవో చచ్చిపోతున్నవో. వాటిని బతికుంచి చూసే దారి అప్పటికి లేదు. మొక్కలూ చేపలూ ఒకే తొట్టిలో పెడితే నీళ్ళు పాడవకుండా నిలుస్తాయని రాబర్ట్ వారింగ్టన్ లండన్లో చెప్పింది 1850లో. లండన్ జూలో చేపల ఇల్లు తెరిచింది 1853లో. రస్సెల్ 1805లోనే పోయాడు.

మరి ఇప్పుడు కనగుర్తని ఇంట్లో పెంచుకోవచ్చా? కనగుర్త, కవళ్ళు, నెత్తళ్ళు - పెద్ద చేపలకి ఎరగా పనికొచ్చే ఈ మూడూ ఇంటి తొట్టిలో బతకవు. ఇవి గుంపులో, ఆగకుండా ఈదే చేపలు. ఈదుతుంటేనే మొప్పల్లోంచి నీళ్ళు బాగా పారి ఆక్సిజన్ అందుతుంది. నాలుగు మూలల గాజుపెట్టెలో పెడితే మూలకి వెళ్ళి గుద్దుకుంటాయి. నెత్తళ్ళకి, కవళ్ళకి చెయ్యి తగిలితే చాలు పొలుసులు ఊడిపోతాయి, ఆ గాయం చాలు చావడానికి. బతికున్న ఎరతో సూరచేపలు పట్టే లక్షద్వీపాల మినికాయ్ వాళ్ళు దీనికి భలే ఉపాయం కనిపెట్టారు. పడవ అడుగున రంధ్రాలున్న అర పెట్టి, అందులో ఎరచేపల్ని వదులుతారు. సముద్రం నీళ్ళు వాటంతటవే మారుతూ ఉంటాయి. తొట్టిని బాగు చేసే బదులు సముద్రాన్నే తొట్టిలోకి రానిచ్చారు! ఏ ఫిల్టరూ దీనికి సాటిరాదని నా అభిప్రాయం.

విశాఖలోనే ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఇంకో దారి పట్టింది. 2007లో దేశంలో మొదటిసారి బహిరంగ సముద్రంలో కేజీ కట్టి పండుగప్ప పెంచింది ఇక్కడే. తర్వాత 2010ల్లో ఇదే కేంద్రం తొట్లలో పెంచి పిల్లలు చేయించిన చేపల్లో మూకలీ పార ఒకటి. రస్సెల్ బొమ్మ గీయించిన అదే చేప, అదే ఊళ్ళో, ఈసారి ప్రాణాలతో. దీని గురించి ఊళ్ళో ఒక బోర్డు కూడా ఎందుకు లేదో మరి.

ఇకపోతే గాజువాకలోనో మధురవాడలోనో ఫ్లాట్లో రెండడుగుల తొట్టి పెట్టుకున్న మనలాంటివాళ్ళ సంగతి. మనం కొనే జీబ్రా డానియో ఫారిన్ చేప అనుకుంటాం. దాన్ని 1822లో బుకానన్ హామిల్టన్ వర్ణించింది కోసీ నది నుంచి. అది మన వాగుల చేపే. అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ పెట్ షాపు నుంచి తెచ్చి ల్యాబు చేపగా మార్చి, 1981లో దాని క్లోన్ల గురించి ప్రకటించాడు. 2013లో జన్యుక్రమం మొత్తం వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీలోనూ దీనిమీద పని చేస్తున్నారు. మన చేప అమెరికా వెళ్ళి పేరు తెచ్చుకుని తిరిగొచ్చింది, మన బ్యాచ్ వాళ్ళలాగే.

దీనికి రివర్స్ కథ గంబూసియాది. దోమల కోసం 1928లో బయటినుంచి తెచ్చి వదిలారు. నెత్తిమీద వెండిచుక్కతో మెరిసే పంచాక్స్ అప్పటికే మన కాలవల్లో దోమపిల్లల్ని తింటూనే ఉంది, దాన్ని అడిగినవాడు లేడు. ఇప్పుడు అక్వేరియంల నుంచి తప్పించుకున్న సక్కర్ చేప చెరువుల్లో దూరితే రైతులు దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు. కాబట్టి బదిలీ అయి ఊరు మారేటప్పుడు తొట్టిలోవి ముడసర్లోవలో వదిలేసే పుణ్యం మాత్రం కట్టుకోకండి.

పంచాక్స్ తో మొదలుపెట్టాలనుకుంటే పెద్ద హంగామా అక్కర్లేదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోయేదాకా ఆగి, చేపల్ని ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా వదలండి. వాటి మలం నుంచి వచ్చే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగైదు వారాలు పడుతుంది. నాలుగు మొక్కలు వేయండి, వారానికి కొంత నీరు మార్చండి. మూత మాత్రం మర్చిపోవద్దు, అది భలే ఎగిరి దూకుతుంది.