కరపత్రంలో ‘తదితరులు’

1966లో లండనులో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ అనే ముగ్గురు కలిసి ‘క్రీమ్’ అనే సంగీత బృందం కట్టారు. ముగ్గురూ అప్పటికే వేరువేరు బృందాలలో పేరు తెచ్చుకున్నవారు. ఇటువంటి దానిని ‘సూపర్ గ్రూప్’ అంటారనీ, సొంత బృందం ఉండగానే పక్కన సరదాకో ప్రయోగానికో పెట్టుకున్నది ‘సైడ్ ప్రాజెక్ట్’ అనీ మా మనుమడు చెప్పాడు. మన మెట్టప్రాంతపు తిరునాళ్లు చూసినవారికి ఇందులో మొదటిది కొత్త కాదు. అదే మన కాంట్రాక్టు నాటకం.

సమాజం నాటకం వేరు. ఒక ఊరివాళ్లు నెలల తరబడి కలిసి సాధన చేస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వారిదైతే ఏకంగా కుటుంబమే. కాంట్రాక్టరు మాత్రం ఒక్కొక్క ఊరి నుంచి ఒక్కొక్క పేరున్న నటుణ్ణి పిలిపించి, ఒక్క రాత్రికి ఒక వేదిక ఎక్కించేవాడు. రిహార్సలు ఉండదు. తిరుపతి వెంకట కవుల పద్యాలు అందరికీ కంఠస్థం కాబట్టి ఆట సాగేది. ఒక కృష్ణుడు చాలడు. మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని కరపత్రంలోనే వేసేవారు. ఒకరి రాగం ముగిసేదాకా ఎదుటివాడు కిరీటం మోస్తూ నిలబడవలసిందే. ‘వన్స్ మోర్’ పడితే పద్యం మళ్లీ మొదటికి! పైగా ఒక్కొక్కరిది ఒక్కొక్క శ్రుతి. అందరినీ ఒక దారిన నడిపేది హార్మోనిస్టు. చప్పట్లలో ఆయన వాటా తక్కువని నా ఫిర్యాదు.

ఇక రెండవది. బళ్లారి రాఘవ గారు, బందా కనకలింగేశ్వరరావు గారు న్యాయవాదులు. వృత్తి కోర్టులో, పేరు రంగస్థలం మీద. వారి నాటకాన్ని పక్క పని అనగలమా? జీతం ఎక్కడిదన్నది కొలత కాదు.

కాలం కూడా చూడాలి. మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం గారు తొలి రోజులలో మద్రాసులో నడిపిన పాటకచేరీ బృందంలో ఇళయరాజా గారు గిటారు, హార్మోనియం వాయించారు. ఇప్పుడు వింటే ఎంత గొప్ప కూటమి అనిపిస్తుంది! కానీ ఇళయరాజా గారికి సంగీత దర్శకుడిగా తొలి చిత్రం ‘అన్నక్కిళి’ 1976లో గాని రాలేదు. ఆనాటికి వారు అవకాశాల కోసం తిరుగుతున్న కుర్రవాళ్లు. అది సూపర్ గ్రూప్ కాదు.

కరపత్రంలోని ఏ పేరును విడిగా వేసినా జనం రావాలి. నా లెక్క ఇంతే. ఇది నాకు 1974లో ఉదయగిరిలో తెలిసింది. ఆత్మకూరు కచేరీలో మా తోటి గుమాస్తా ఒకాయన మంచి గాత్రం కలవాడు. కాంట్రాక్టు నాటకంలో నకులుడి వేషం దొరికిందని రెండు నెలలు సాధన చేశాడు. కరపత్రంలో ఆయన ‘తదితరులు’లో కలిసిపోయాడు. ఆ రాత్రి పెద్దల రాగాలకే కోడి కూసింది. టైము లేదని కాంట్రాక్టరు ఆయన పద్యం తీసివేయించాడు. వేషం కట్టి, నోరు విప్పకుండా దిగివచ్చాడు.

తెల్లవారి బస్సు కోసం నిలబడ్డాము. ఆయన ముఖానికి రంగు ఇంకా పూర్తిగా పోలేదు. మాతోపాటే ఉన్న హార్మోనిస్టు ఏమనుకున్నాడో, పెట్టె దించి, “ఏ శ్రుతి అబ్బాయ్ నీది?” అన్నాడు. ఆత్మకూరు బస్సు వచ్చేలోగా నలుగురం ఆ పద్యం విన్నాము. రెండుసార్లు.