పేరు తెలిసిన దేవత

అనంతపురమునకు ఆ పేరు అనంతసాగరమను చెరువువలన వచ్చినది. ఆ చెరువు మొదటి బుక్కరాయల (1356–1377) మంత్రియైన అనంతరస చిక్క ఒడెయ కట్టించినదని చెప్పుదురు గాని, అనంత యనునది రాణి పేరో మంత్రి పేరో యింకను మాట తెగలేదు. రాణి పేరనువారికి, అట్టి పేరుగల రాణియే బుక్కరాయలకు లేదని ఎదుటిపక్షము బదులు చెప్పినది. ఏటికి 550 మిల్లీమీటర్ల వానకు అటునిటుగా బ్రతుకు నెట్టుకొను ఈ మెట్టసీమలో నీటికి పెట్టిన పేరే ఊరికి నిలుచుట సహజమే.

పేరు తెలిసినవానికి పేరుగలవానిపై పట్టు చిక్కునని నమ్మిన జాతులు అనేకము. ఐగుప్తు పురాణములో ఐసిస్ దేవి సూర్యదేవుడైన రాను పాముచే కరపించి, ఆ బాధలో అతని రహస్యనామమును రాబట్టుకొన్నది. మన ఆపస్తంబ గృహ్యసూత్రమును శిశువు నక్షత్రనామము రహస్యముగా నుండవలెనని విధించినది. సూత్రములు చదువని పల్లెలును ఈ జాగ్రత్తను తమ తీరున పాటించినవి: మశూచిని అమ్మవారనిరి, రాత్రివేళ పామును పురుగనిరి, పుట్టినబిడ్డలు దక్కని యింట మరల కలిగిన బిడ్డకు పెంటయ్య యనియో పుల్లయ్య యనియో పేరిడి మృత్యువు కంట పడకుండ దాచుకొనిరి. మగని పేరు నోట పలుకరాని ఇల్లాలు, గుమాస్తా అడిగినప్పుడు, “కదిరి దేవుని పేరే, సామీ” అని కొంగు నోటికడ్డుపెట్టుకొని తలవంచగా, అతడు మారుమాటాడక నరసింహులని వ్రాసికొనెడివాడు.

ఈ యాచారములెరిగి చదివినవానికి అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రపు ముసలమ్మ కథ కొంత వేరుగా వినిపించును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను సేకరించిన అనంతపుర చరిత్రలోని ఆ కథను, 19వ శతాబ్దము ముగియువేళ, ఇంకను విద్యార్థియైన కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసెను. చెరువు పొంగి కట్ట తెగుచున్నది. దేవత బలి కోరినది. కోరుటయు, ఎవరో ఒక పడుచునని ఊరకొనక, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ యని ఇంటిపెద్దను, వరుసను, పేరును చెప్పి మరీ పిలిచినది. పిల్ల పడుచు, పేరు ముసలమ్మ! గ్రామదేవత పేరిట మ్రొక్కుకొని పెట్టినదందురేమో, కాదనను. అయినను, ఆ పేరు పెట్టిన తల్లి మనసులో తన బిడ్డ తల నెరసి, మనుమలనెత్తి, నిజముగానే ముసలిది కావలెనను ఆశయు కొంత యుండెనేమోయని నా ఊహ. అట్లయినచో కాపాడవలసిన పేరే ఆమెను కట్టమీదికి పిలిచినది. పిలుపు విని ఆమె దాగలేదు. ఇంటివారికి వీడ్కోలు చెప్పి గండిలోనికి దిగినది.

బుక్కరాయసముద్రమున ఆ కట్టను నేటికిని ముసలమ్మ కట్ట యనియే పిలుతురు.