మట్టి మైదానం నుండి కృత్రిమ పచ్చికకు: హాకీ క్రీడ, సామాన్య కుటుంబం

ఒక క్రీడ ఏ వర్గానికి చేరువైందో, ఏ వర్గానికి దూరమైందో తెలుసుకోవడానికి పతకాల పట్టిక ఒక్కటే చాలదు. ఆ క్రీడ నేర్చుకొనే బాలుని ఇంట అయ్యే ఖర్చును కూడా చూడాలి. భారతదేశంలో హాకీ చరిత్రను ఈ దృష్టితో పరిశీలిస్తే, ఒకనాడు పేదవాని ముంగిట పెరిగిన ఆట క్రమంగా అతని అందుబాటు నుండి జరిగిపోయిన తీరు స్పష్టమవుతుంది.

ఆంగ్ల సైనికుల ద్వారా హాకీ మన దేశానికి వచ్చింది. 1885 ప్రాంతంలో కలకత్తాలో తొలి సంఘాలు ఏర్పడగా, 1895లో బైటన్ కప్ పోటీలు ఆరంభమయ్యాయి. కంటోన్మెంటు పట్టణాలలో వేళ్ళూనిన ఈ ఆట అక్కడి నుండి పాఠశాలలకు, పోలీసు దళాలకు, రైల్వే కాలనీలకు విస్తరించింది. దానికి కావలసిన సామగ్రి స్వల్పం: చదునైన నేల, ఒక బంతి, మల్బరీ కొయ్యతో చేసిన వంపు కర్ర. కర్ర కొనలేని పిల్లలు చెట్టుకొమ్మనే వంచి ఆడుకొనేవారు. అవిభక్త పంజాబులోని సియాల్‌కోట క్రీడాసామగ్రి తయారీకి ప్రసిద్ధి. 1947 విభజన అనంతరం అక్కడి నుండి తరలివచ్చిన పనివారు జలంధర్, మీరట్ పట్టణాలలో ఈ వృత్తిని నిలబెట్టారు. దేశంలోనే తయారైన కర్ర సామాన్యునికి అందుబాటులో ఉండేది.

క్రీడాకారుని పోషణ భారం కూడా చాలావరకు సంస్థలే వహించాయి. ధ్యాన్‌చంద్ 1922లో సిపాయిగా సైన్యంలో చేరి, అక్కడే ఆటలో ఆరితేరాడు. బల్బీర్ సింగ్ పంజాబ్ పోలీసు శాఖలో పనిచేశాడు. సైన్యం, పోలీసు, రైల్వే, తరువాతి కాలంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వంటి సంస్థలు కొలువు ఇచ్చి ఆటగాళ్ళను నిలబెట్టాయి. అయితే ధనాభావం ఆనాడూ లేకపోలేదు. 1932లో లాస్‌ఏంజెలెస్ వెళ్ళిన భారత జట్టు, ఒలింపిక్స్ ముగిసిన పిదప అమెరికాలోను, ఐరోపాలోను ప్రదర్శన ఆటలు ఆడి ఖర్చులలో కొంత రాబట్టుకోవలసి వచ్చింది. కాని ఆ కొరత ప్రయాణానికి సంబంధించినదే. ఆట నేర్వడానికి ధనం అడ్డు రాలేదు. 1928 నుండి 1956 వరకు జరిగిన ఆరు ఒలింపిక్స్‌లోనూ భారతదేశం స్వర్ణం సాధించింది. 1964లో, 1980లో మళ్ళీ గెలిచింది. అటువంటి జట్లు గ్రామాల నుండి, బ్యారక్‌ల నుండి పుట్టుకొచ్చాయి.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఈ చరిత్రలో మలుపు. ఒలింపిక్ హాకీని తొలిసారిగా కృత్రిమ పచ్చికపై ఆడించినది అక్కడే. 1928 తరువాత ఒలింపిక్ పతకం లేకుండా భారత జట్టు తిరిగి రావడం అదే మొదటిసారి. దానికి ఏడవ స్థానం దక్కింది. హాకీ మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. అనగా అయిదువేల చదరపు మీటర్లకు పైబడిన విస్తీర్ణం. దాని చుట్టూ విడిచే స్థలం అదనం. ఆ నేలనంతటినీ గట్టిపరచి, మెత్తని పొర వేసి, నైలాన్ వంటి పోగులతో నేసిన చాపను పరచాలి. ఆటకు ముందు నీరు చల్లడానికి తగిన యంత్రాలు, నీటి వసతి ఉండాలి. దీనికి కోట్ల రూపాయలు కావాలి. పైగా కొన్నేళ్ళకు ఆ చాప అరిగిపోతే తిరిగి పరచాలి. సంపన్న ఐరోపా దేశాలలో సంఘానికొక మైదానం ఏర్పడగా, మన దేశంలో చాలాకాలం వరకు అటువంటివి కొద్ది నగరాలకే పరిమితమయ్యాయి.

నేల మారడంతో ఆటా మారింది, సామగ్రీ మారింది. నునుపైన తలంపై బంతి వేగం హెచ్చింది. కొయ్య కర్ర స్థానంలో గాజుపోగులు, కార్బన్‌తో చేసిన కర్రలు వచ్చాయి. వాటి ధర కొయ్య కర్రకు అనేక రెట్లు. కృత్రిమ తలానికి అనువైన బూట్లు, దవడకు, కాళ్ళకు రక్షణ తొడుగులు అవసరమయ్యాయి. గోల్‌కీపర్‌కు శిరస్త్రాణం, వక్షకవచం, కాళ్ళ ప్యాడ్లు, చేతి తొడుగులు అన్నీ కలిపితే ఆ భారం మరీ అధికం. వీటికి తోడు పట్టణంలో బస, పౌష్టికాహారం, దూరప్రయాణాలు ఉన్నాయి. బాలుడు ఎదిగే కొద్దీ బూట్లు, కర్ర మార్చవలసిందే. ఈ వ్యయమంతా తొలిదశలో ఏ సంస్థా భరించదు. కుటుంబమే భరించాలి.

దీని భారం ఎంతటిదో గ్రహించాలంటే హాకీకి పేరొందిన పట్టణాలను కాక, గుజరాత్‌లోని కిమ్ వంటి ఊరిని తలచుకోవాలి. ముంబయి–వడోదర రైలుమార్గంలో, సూరత్‌కు ఉత్తరాన ఉన్న పట్టణమిది. సూరత్ ప్రాంతపు మరమగ్గాల ఆకర్షణతో తెలంగాణ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఆ దిక్కుకు వలసవెళ్ళాయి. నేసిన మీటర్ల లెక్కన కూలి పొందే ఇంటిలో నెల ఆదాయం స్థిరంగా ఉండదు. అటువంటి ఇంటి బిడ్డ హాకీ నేర్వదలిస్తే ఒక కర్ర కొనుగోలు కూడా కుటుంబం కూర్చుని ఆలోచించవలసిన విషయమవుతుంది. వలస కుటుంబానికి పాఠశాల మారడం, భాష మారడం అదనపు చిక్కులు. ప్రతిభ ఉండి కూడా కానరాకుండా పోవడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

తెలుగు నేల కూడా ఈ మార్పుకు సాక్షియే. హైదరాబాద్‌కు చెందిన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలో భారతదేశం తరఫున ఆడి, 2003లో పద్మశ్రీ అందుకొన్నాడు. చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో వడ్రంగి ఇంట పుట్టిన ఏతిమరపు రజని, అత్యధిక వ్యయం కోరే గోల్‌కీపర్ స్థానంలో నిలిచి, 2018 ఆసియా క్రీడలలో రజతం, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్యం గెలిచిన జట్లలో సభ్యురాలైంది. ఇటువంటివారి విజయం గర్వకారణమే. కాని ఒకరు అధిగమించిన అడ్డంకి మిగిలినవారికి లేదని భావించడం పొరపాటు. 2024–25లో పునరుద్ధరించిన హాకీ ఇండియా లీగ్‌లో పురుషుల విభాగంలో హైదరాబాద్ పేరిట ఆడిన తూఫాన్స్ జట్టు తుదిపోరు వరకు చేరింది. అయితే ఆ ఆటలు జరిగినది రూర్కెలా, రాంచీలలో. జట్టుకు పేరిచ్చిన నగరపు బాలలు వాటిని తమ ఊరిలో చూడలేకపోయారు.

ప్రభుత్వాలు ఈ లోటును గుర్తించకపోలేదు. ఒడిశా 2018లో జాతీయ జట్ల పోషణ బాధ్యత స్వీకరించింది. సుందర్‌గఢ్ వంటి గిరిజన జిల్లా నుండి వరుసగా క్రీడాకారులు వస్తున్నారంటే వసతి గృహాలు, శిక్షణ కేంద్రాలు అక్కడ చేసిన మేలు స్వల్పం కాదు. 2018లోనే ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైన క్రీడాకారులకు ఏటా 5 లక్షల రూపాయల చొప్పున 8 ఏళ్ళ సహాయం ప్రకటించారు. భారత పురుషుల జట్టు టోక్యో ఒలింపిక్స్‌లో, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకాలు సాధించడం ఈ పునరుజ్జీవనానికి సూచన.

అయినా ఈ సహాయం ఎంపికైనవారికే అందుతుంది. ఎంపికకు ముందు గడిచే నాలుగైదేళ్ళే కుటుంబాన్ని కుంగదీస్తాయి, ఎందరో ఆట మానుకొనేదీ అప్పుడే. పాఠశాలలో ఉమ్మడి కర్రలు, కవచాలు ఉంచి పిల్లలకు వంతులవారీగా ఇవ్వడం, జిల్లాకొక కృత్రిమ మైదానం ఏర్పరచి దానిని ఉదయం, సాయంత్రం అందరికీ తెరచి ఉంచడం, శిక్షణకు వచ్చే పిల్లల రవాణాఖర్చు భరించడం వంటివి అనుసరించదగిన మార్గాలు. మట్టి నేలపై కొయ్య కర్రతో ఆడి నేర్చినవారే ఈ దేశానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చారు. వారి వారసులు ధనాభావం వల్ల మైదానం వెలుపలే నిలిచిపోతే, నష్టపోయేది ఒక కుటుంబం కాదు, ఆ క్రీడే.