దేవుడి బలం అంటే ఏంది? డోర్నకల్ అజరయ్య అడిగిన స్నేహం

మంచిర్యాల నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు టాపిక్ పేరు వింటే బరువుగా ఉంటది, కానీ విషయం మన రోజువారీ బతుకుదే.

"దేవుడు సర్వశక్తిమంతుడు" అనగానే మన మైండ్‌లోకి ఏం వస్తది? సింహాసనం, పిడుగులు, శత్రువుల్ని ఒక్క దెబ్బకు నేలకూల్చడం. కానీ ఏ చర్చికి పోయినా నట్టనడుమ కనబడేది సిలువ. మేకులు కొట్టించుకుని చనిపోయిన మనిషి గుర్తు అది. దేవుడి బలం అక్కడే కనిపించింది అంటారు క్రైస్తవులు. ఈ ఆలోచన ఎట్ల పుట్టింది? మన తెలంగాణలో దాన్ని సీరియస్‌గా తీసుకున్న ఒకాయన ఏం అడిగాడు? నేను పాస్టర్‌ని కాదు, ప్రచారం చేయడానికి రాలేదు. చరిత్ర చెప్తా, అంతే.

ముందు రోమ్‌కి పోదాం. సిలువ అప్పట్లో మెడలో వేసుకునే లాకెట్ కాదు, ముఖ్యంగా బానిసలకూ తిరగబడినవాళ్లకూ వేసే శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణిచాక దాదాపు 6,000 మందిని కాపువా నుంచి రోమ్ దాకా రోడ్డు పొడుగునా సిలువ వేశారు. "మా బలం ఇది, చూసుకోండి" అని సామ్రాజ్యం పెట్టిన హోర్డింగ్ లాంటిదన్నమాట. అలాంటి చావు చచ్చినవాడే దేవుడు అంటే జనం నవ్వారు. రోమ్‌లోని పాలటైన్ కొండ మీద దొరికిన ఒక పాత గోడ గీతలో సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి ఉంటాడు. కింద అలెక్సామెనోస్ అనే అతను తన దేవుణ్ణి మొక్కుతున్నాడని గ్రీకులో గీకి ఉంటది. సింపుల్‌గా చెప్పాలంటే ఆ కాలపు ట్రోల్ మీమ్.

అయితే మొదటి క్రైస్తవులు ఈ విషయాన్ని దాచలేదు. పౌలు ఖైదులో ఉండి ఫిలిప్పీ ఊరివాళ్లకు ఒక ఉత్తరం రాశాడు. ఫిలిప్పీ అంటే రిటైరైన రోమన్ సైనికులకు భూములిచ్చి కూర్చోబెట్టిన కాలనీ. హోదా అంటే ప్రాణమిచ్చే ఊరు. అక్కడివాళ్లకు ఆయన చెప్పిన దాని సారం ఏంటంటే, దేవుడితో సమానమైనవాడు ఆ హోదాని పట్టుకుని వేలాడలేదు, తనను తాను ఖాళీ చేసుకున్నాడు, బానిస స్థాయికి దిగాడు, సిలువ చావు దాకా పోయాడు. ఆ "ఖాళీ చేసుకోవడం" నుంచే కెనోసిస్ అనే గ్రీకు మాట వాడుకలోకి వచ్చింది.

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే, అడ్మిన్ మామూలు యూజర్‌గా లాగిన్ అయినట్టా? సగమే కరెక్ట్. అడ్మిన్‌కి ఎప్పుడంటే అప్పుడు బయటపడే దారి ఉంటది. దానికంటే మన బాయి పోలిక దగ్గరగా ఉంటది. షిఫ్ట్ మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ పనిచోటుకి పోయి గ్యాస్ ఉందా, పైకప్పు గట్టిగా ఉందా చూస్తాడు. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు లోపలికి పోతారు. పెద్దరికం అంటే ప్రమాదం కిందికి ముందు తను పోవడం. కాకపోతే సిలువ కథలో ఆ పైకప్పు నిజంగానే మీద కూలింది.

తర్వాత చరిత్ర అడ్డం తిరిగింది. 312లో కాన్‌స్టంటైన్ క్రీస్తు గుర్తు పెట్టుకుని యుద్ధం గెలిచాడని అప్పటి రచయితలు రాశారు. బానిసల శిక్ష మెల్లగా రాజుల జెండా అయింది. చాలా శతాబ్దాల తర్వాత బ్రిటిష్ కాలంలో మన వైపు వచ్చిన మిషనరీల్లో గొప్ప డాక్టర్లు, టీచర్లు ఉన్నారు. కానీ వాళ్ల వెనక సామ్రాజ్యం నీడ కూడా ఉంది. బంగళా వాళ్లది, జీతమిచ్చేది వాళ్లు, నిర్ణయం వాళ్లదే.

ఇక్కడ మన కథలోకి డోర్నకల్ వస్తది. సింగరేణి వాళ్లకు ఈ పేరు కొత్తేం కాదు. ఇల్లందు బొగ్గు గనులకు రైలు లైను చీలేది ఆ జంక్షన్‌లోనే. 1909లో తిరునెల్వేలి నుంచి ఒక తమిళాయన మిషనరీగా అక్కడికి వచ్చాడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. పంపింది విదేశీ సంస్థ కాదు, 1903లో అక్కడి క్రైస్తవులే పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. ఆయన తెలుగు నేర్చుకుని పల్లెలు తిరిగాడు. ఆ పల్లెల్లో చర్చికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అజరయ్యకు అప్పటికి 35 ఏళ్లు. మహామహులు కూర్చున్న ఆ సభలో ఆయన ఒక మాట చెప్పాడు. మీరు చేసిన త్యాగాలకు మేం రుణపడి ఉంటాం, కానీ మాకు కావాల్సింది స్నేహం అని. దయ సరిపోదు, సాయం సరిపోదు, పక్కన కూర్చునే స్నేహితులు కావాలి. కొందరికి ఆ మాటలు మింగుడుపడలేదు.

ఎందుకంటారు? సాయం చేసేవాడికి రిస్క్ లేదు. పైనుంచి ఇస్తాడు, పైనే ఉంటాడు. స్నేహితుడు అట్ల కాదు. "నువ్వు తప్పు" అని మొహం మీదే చెప్తాడు, కాదంటాడు, వదిలేసి కూడా పోవచ్చు. అంటే స్నేహం చేయాలంటే గాయపడడానికి రెడీగా ఉండాలి. సిలువ గురించి చర్చిలో చెప్పేదాన్నే అజరయ్య చెప్పినవాళ్ల ముందు పెట్టాడు.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కట్టించిన డోర్నకల్ కెథడ్రల్ 1939లో పూర్తయింది. గుడి, మసీదు, చర్చి మూడింటి శిల్పరీతులూ అందులో కలిసి ఉంటాయి.

ఆయనకూ అధికారం ఉంది కదా అంటారా? ఉంది. బిషప్ పదవి చిన్నదేం కాదు, అది సామ్రాజ్యపు చర్చి కూడా. మత మార్పిడుల విషయంలో 1930ల్లో గాంధీకీ ఆయనకూ గట్టి విభేదం వచ్చింది. పేద దళితులు తమ మతం గురించి తామే ఆలోచించి నిర్ణయించుకోగలరని అజరయ్య నిలబడ్డాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

నాకు అర్థమైన అసలు పాయింట్ ఇది. "త్యాగం చెయ్, ఓర్చుకో, తగ్గి ఉండు" అనే మాట మన సమాజంలో ఎప్పుడూ కిందివాళ్లకే చెప్తారు. కోడలికి చెప్తారు, కాంట్రాక్ట్ కార్మికుడికి చెప్తారు, దళితుడికి చెప్తారు. పౌలు ఉత్తరంలో ఖాళీ చేసుకున్నది అన్నీ ఉన్నవాడు. చేతిలో ఏమీ లేనోడు ఏం ఖాళీ చేసుకుంటాడు? అజరయ్య కూడా ఎడిన్‌బరోలో పేదల్ని ఓర్చుకోమనలేదు, పెద్దల్ని దిగి రమ్మన్నాడు. ఈ ఆలోచనను అణగారినవాళ్ల నోరు మూయించడానికి వాడితే దాన్ని తలకిందులు చేసినట్టే.

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ ఇంట్లోనో, టీమ్‌లోనో, యూనియన్‌లోనో మీ మాట చెల్లే చోటు ఒకటి ఉంటది. అక్కడ మీకంటే కిందున్నవాళ్లు మీకు ఎదురు చెప్పగలరా? ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.